కత్తెర పట్టుటకు ముందు

పెండ్లిగౌను తన చేతులతో తానే కుట్టుకొనవలెనను కోరికతో, ఒకరి కొలతకే చేత కుట్టు మేలిపనియగు కుట్యూర్ నేర్పు శిక్షణశిబిరమునకు వెళ్లిన యువతికి మొదటినాడు కలుగు నిరాశ ఇంచుమించు ఒక్కతీరుగనే యుండును. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కొన్న పట్టును విప్పి చూపబోగా, ఉపాధ్యాయురాలు దానిని ఒకమారు తడిమి, బాగున్నదని మెచ్చుకొని, మరల మడిచి పెట్టెలో పెట్టుమనును. బల్లమీదికి వచ్చునది చవుకరకపు కోరాగుడ్డ. ఆనాడే కాక మరునాడును, పని కొంచెము మొరాయించినచో మూడవనాడును, ఆ కోరాగుడ్డతోనే పొద్దుపోవును. జీవితమున ఒక్కసారి తొడుగు ఉడుపుకొరకు ఇంత దూరము వచ్చి, సెలవుపెట్టి, రుసుము చెల్లించి, పక్కమీద పరచుకొనుటకైనను పనికిరాని గుడ్డకు గుండుసూదులు గుచ్చుచు కూర్చుంటినే యని విసుగుకొనని వారు అరుదు.

ఆ విసుగును గురించియే ఈ అధ్యాయము. ఓపిక మంచిగుణమని చిన్ననాటినుండి అందరును చెప్పుదురు గాని, దానిని ఏచోట వెచ్చింపవలెనో చెప్పువారు తక్కువ. శాటిన్ అను మెరుగుపట్టు ఒకమారు సూది దిగినచోట చిన్న రంధ్రమును నిలుపుకొనును. కుట్టు విప్పినను ఆ చుక్కల వరుస పోదు, ఇస్త్రీ చేసినను పూడదు. గలగలలాడు టఫెటా పట్టు స్వభావమును అంతియే. కనుక దిద్దుబాటులన్నియు పట్టును తాకకముందే ముగియవలెను. దిద్దుకొనుటకు వీలున్నంతవరకు కాలమును లోభము లేక ఖర్చుపెట్టుట, వీలు దాటిన పిమ్మట శంకలు మాని సాగిపోవుట, ఈ రెండింటికిని నడుమ గీత ఎచ్చట గీయవలెనో కుట్యూర్ పనివారికి తెలిసినంత స్పష్టముగ తెలిసినవారిని నేను ఇతర వృత్తులలో అంతగా చూడలేదు. పెండ్లిగౌనుతో పనిలేని చదువరులును ఈ పుటలను దాటవేయవద్దని నా మనవి.

ఈ విద్యకు పుట్టినిల్లు పారిస్ నగరము. అయినను దానిని గొప్ప వ్యాపారముగ నిలబెట్టినవాడు చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అను ఆంగ్లేయుడగుట ఒక చమత్కారము. ఆతడు 1858లో ర్యూ ద లా పే వీథిలో దుకాణము తెరచెను. అంతకుముందు దొరసాని చెప్పినట్లు దర్జీ కుట్టుచుండగా, వర్త్ తానే ముందుగ నమూనాలు కల్పించి, వానిని యువతులకు తొడిగి చూపి, నచ్చినదానిని కొనువారి కొలతలకు కుట్టియిచ్చు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చెను. 1868లో పారిస్ దర్జీలకు సంఘము ఏర్పడెను. 1945 నుండి ‘ఓట్ కుట్యూర్’ అను పేరును ఫ్రెంచి చట్టము కాపాడుచున్నది. అచ్చటి దుకాణములలో పనిగదులు రెండు తెగలు: జారుడుగుడ్డలతో మెత్తని ఉడుపులు కుట్టు ‘ఫ్లూ’ గది యొకటి, కోట్లవంటి బిరుసుపని చేయు ‘తైయర్’ గది యొకటి. పెండ్లిగౌను సాధారణముగ మొదటిగదిలో పుట్టును. ఆ గదులలోని పద్ధతులను ఇంటిలో కుట్టుకొను స్త్రీలకు విప్పిచెప్పిన గ్రంథములలో అమెరికాలో క్లేర్ షేఫర్ 1993లోను, సూసన్ ఖాల్జీ 1997లోను ప్రచురించినవి పేరొందినవి. ఖాల్జీ గ్రంథము ముఖ్యముగ పెండ్లియుడుపులకు ఉద్దేశింపబడినది. శిబిరమునకు పోవుటకు ముందు వీనిలో ఒకదానినైనను చదివినవారికి ఉపాధ్యాయురాలి మాటలు సగము సులువుగ అర్థమగును.

తెలుపు సంగతియు ఒక్కమాట చెప్పి ముందుకు పోయెదను. 1840 ఫిబ్రవరి 10వ తేదీన విక్టోరియా రాణి స్పిటల్‌ఫీల్డ్స్ పట్టుతో, హానిటన్ లేసుతో కుట్టిన తెల్లని ఉడుపు ధరించి వివాహమాడిన తరువాత, క్రమక్రమముగ ఆ వర్ణము పడమటి వధువులకు ఆచారమయ్యెను. మా కుటుంబము గుంటూరు ప్రాంతపు క్రైస్తవ కుటుంబము. మా తరములో వధువులు తెల్లచీర కట్టి, తలపై సన్నని ముసుగు వేసికొని గుడికి పోయినవారే. మా అన్నగారి కుమార్తె అమెరికాలో పెరిగినది. గౌనే కుట్టుకొందునని పట్టుబట్టి అట్టి శిబిరమున చేరినప్పుడు, తోడుగ పోయి, ఉపాధ్యాయురాలి అనుమతితో ఒక మూల కూర్చుండి చూచు భాగ్యము నాకు కలిగినది. ఇందు నేను వ్రాయు దానిలో కొంత అచ్చట కన్నది.

చేరదలచినవారు మొట్టమొదట చూడవలసినది పంచాంగము. పెండ్లి నెలరోజులున్నదనగా శిబిరమునకు పోవుట కష్టమును కొనితెచ్చుకొనుటయే. వారము దినముల శిబిరములో గౌను పూర్తియగుట అరుదు. కోరాగుడ్డ నమూనా సరిపడి, పట్టు కత్తిరించి, ముఖ్యమైన కుట్లు ఒక దారికి వచ్చుటయే గొప్ప. తక్కిన పని ఇంటిలో సాయంకాలములందు జరుగవలసినదే. కావున ఆరునెలల వ్యవధి యున్నచో నిశ్చింత. రెండవది, మిషను మీద తిన్నని కుట్టు వేయుట, జిప్పు పెట్టుట, నమూనా కాగితము చదువుట అంతకుముందే వచ్చియుండవలెను. అక్షరాభ్యాసము చేసికొనుటకు అది స్థలము కాదు. మూడవది చాలమంది మరచిపోవునది: పెండ్లినాడు గౌనుక్రింద ఏ లోదుస్తులు తొడుగుదురో, ఏ మడమయెత్తు చెప్పులు వేసికొందురో వానిని వెంట తీసికొనిపోవలెను. రవికె కొలతకు పోవునప్పుడు మన ఆడవారికి ఇది ఎవరును చెప్పనక్కరలేదు. పైయుడుపు కొలతలన్నియు లోనియుడుపుపై ఆధారపడి యుండుననుట మనకు పరిపాటి.

ఇక శరీరమును గూర్చి. పెండ్లి కుదిరినది మొదలు కన్నెపిల్లలకు సన్నబడవలెనను వ్రతమొకటి పట్టుకొనును. ఆరు నెలలకు తాను ఎట్లుండబోవుదునో ఊహించుకొని, ఆ ఊహకు గౌను కుట్టించుకొనదలచువారు కలరు. ఇది నాకు బొత్తిగ నచ్చని పని. గుడ్డకు ఊహలతో పనిలేదు. ఎదుట నిలిచిన దేహముతోనే పని. నేటి దేహమునకు కుట్టి, లోపల ధారాళముగ గుడ్డ వదలుకొన్నచో, రేపు రెండంగుళములు ఇటో అటో అయినను సర్దుకొనవచ్చును. ఊహకు కుట్టినదానిని సర్దుట ఎవరి తరమును గాదు.

కోరాగుడ్డ సంగతికి వచ్చెదను. పారిస్ పనివారు ‘త్వాల్’ అనియు, అమెరికావారు ‘మస్లిన్’ అనియు పిలుచు ఈ నమూనాయుడుపుమీద ఛాతీ, నడుము, తుంటి, ఈ మూడుచోట్ల అడ్డముగ పెన్సిలు గీతలు గీయుదురు. ముందు నడిమిని, వెనుక నడిమిని నిలువు గీతలు గీయుదురు. ఉడుపు తొడిగి నిలుచున్నప్పుడు అడ్డగీతలు నేలకు సమానముగ, నిలువుగీతలు తూకపు దారమువలె తిన్నగ నిలువవలెను. ఏ గీత వంగినదో చూచినచో లోపము ఏ దిక్కున ఉన్నదో తెలియును. గీతలు లేనిదే కన్ను మోసపోవును. అద్దములో చూచుకొను వధువు కన్ను మరియు మోసపోవును, ఏలయనగా ఆమె చూచునది తన ముఖమును.

మా పిల్ల నమూనా తొడుగుకొని అద్దముముందు నిలుచుండగా, రొమ్ము క్రిందినుండి పక్కనడుమువైపు రెండు మూడు ఏటవాలు ముడతలు దిగినవి. ఆమె నావైపు తిరిగి, “అత్తా, ఇక్కడ గుడ్డ ఎక్కువైంది కదా, పక్కకుట్టులో కాస్త పట్టేస్తే సరిపోతుందేమో” అన్నది.

“నాకెందుకో వదులు అక్కడ కాదనిపిస్తోందమ్మా. ఏదీ, చెయ్యెత్తి చూడు” అన్నాను. నా మాటలో శాస్త్రమేమియు లేదు. రవికెలు బిగుతుపడినప్పుడు చంకక్రింద ఇట్టి ముడతలు పడుట చూచిన అనుభవమే.

ఉపాధ్యాయురాలు ఏమియు అనలేదు. ఛాతీగీతను చూపినది, ముందువైపున అది పైకి లేచియున్నది. గౌను క్రిందియంచును చూపినది. అదియు ముందువైపున లేచియే యున్నది. అంతట చిన్న కత్తెర తీసికొని, పిల్ల గుండె ఝల్లుమనుచుండగా, రొమ్మునకు అడ్డముగ నమూనాను కోసినది. కోసినచోట గుడ్డ తనంత తానే వ్రేలివెడల్పున విచ్చుకొనెను, ముడతలు మాయమయ్యెను, క్రిందియంచు దిగివచ్చి నేలకు సమముగ నిలిచెను. విచ్చిన సందులో కోరాగుడ్డ పీలిక నొకదానిని పెట్టి నాలుగు సూదులు గుచ్చినది. పక్కకుట్టు పట్టినచో ఏమయ్యెడిదని మా పిల్ల అడుగగా, ఒకప్రక్క పట్టి చూపించినది: పాత ముడతలు పోక, భుజముమీద క్రొత్తవి రెండు పుట్టినవి.

ముడత కనిపించుచోటు వేరు, ముడత పుట్టుచోటు వేరు. గుడ్డ ఎచ్చట చాలలేదో అచ్చటికి తక్కినచోట్లనుండి లాగుకొనును. లాగబడిన గుడ్డ దారిలో ముడుతలు పడును. ఆ ముడతల కొసలు బిగుతున్నచోటును చూపుచుండును. తెలియనివాడు ముడతను పట్టి కుట్టి బిగుతును హెచ్చించును. ఇంటిలోను కార్యాలయములోను ఇట్టి దిద్దుబాటులు దినమును చూచుచున్నాము: ఒక గుమాస్తా వద్ద కాగితములు పేరుకొన్నచో ఆతనిని గద్దించుటయే గాని, ఆ కాగితములు ఎవరు చేయవలసిన పని చేయకపోవుటచే ఆతనికడకు వచ్చి చేరినవో వెదకువారు లేరు. కోసి చూచుటకు కోరాగుడ్డ దొరకని వ్యవహారములలో ఈ నిదానము మరియు అవసరము.

కొలతలవేళ మరియొక బాధ కలదు. అందరి భుజములును సమముగ ఉండవు. సంచి మోయు భుజమొకటి దిగియుండును, ఒక తుంటి రవ్వంత ఎత్తుగ నుండును. టేపు ఈ రహస్యములను పదిమందియెదుట బయటపెట్టును. ఒక యువతి తన కుడిభుజము దిగియున్నదని విని ముఖము ముడుచుకొనుట చూచితిని. నేర్పుగల దర్జీకి అది పొగడ్తయు కాదు, నిందయు కాదు. కుడి ముక్కకొక గీత, ఎడమ ముక్కకొక గీత వేరువేరుగ వేయుమను సూచన మాత్రమే. ఆ యువతి ఆ విధముగనే చేసెను; గౌను తొడిగి నిలుచున్నప్పుడు భుజములు రెండును సమముగ కనిపించినవి. పదియేండ్లుగ దుకాణపు ఉడుపులు తనకెందుకు ఒకప్రక్కకు జారుచుండెనో ఆమెకు ఆనాడు తెలిసినది.

నమూనా సరిపడిన పిమ్మట దాని కుట్లన్నియు విప్పి, ఇస్త్రీ చేసి పరచుదురు. అదియే ఇక పట్టుమీద పెట్టి గీయు అచ్చు. ఈ ఘట్టమున కుట్యూర్ పనికిని ఇంటికుట్టునకును ముఖ్యభేదము కనబడును. దుకాణములో దొరకు కాగితపు నమూనాలలో గుడ్డయంచునుండి అంగుళములో అయిదెనిమిదవవంతు, ఇంచుమించు ఒకటిన్నర సెంటీమీటరు, వదలి కుట్టుమందురు. కుట్టువారు అంచునే నమ్ముకొని మిషను నడుపుదురు. కుట్యూర్ పనిలో అంచునకు విలువలేదు. కుట్టు పడవలసిన గీతనే రంగుదారముతో చేతిటాకాలు వేసి ప్రతి ముక్కకును గుర్తింతురు. అంచు అంగుళమో అంతకు మించియో ఎంతయైనను ఉండవచ్చును. గీతకు గీత కలిపి సూదులు గుచ్చి, ముందు చేత కచ్చాకుట్టు వేసి, తొడిగి చూచి, అప్పుడు మిషను మీదికి ఎక్కింతురు. లోపల గుడ్డ వదలుటలోని ప్రయోజనము మనకు ఎవరును నేర్పనక్కరలేదు; పెండ్లినాటి రవికెను బిడ్డతల్లియైన పిదప కుట్లు విప్పి తొడుగుకొన్న తెలుగుతల్లులు ఎందరో కలరు. పెద్ద దుకాణములలో గౌనుకు వేలకు వేలు పోయువారికి ఆపాటి లోపలిగుడ్డ దొరకకపోవుట నాకు ఆశ్చర్యము.

మగ్గమెరిగిన ప్రాంతములవారము గనుక పడుగు పేకల మాట మనకు తేలికగ తలకెక్కును. ముక్క నడిమిగీత పడుగునకు సమముగ పడవలెను. రవ్వంత ఒరిగినను పాదములవరకు దిగు కుచ్చెళ్లు ఒకవైపునకు మెలితిరుగును. ఏటవాలుగ కత్తిరించిన గుడ్డ తన బరువుకు తానే సాగును. అట్టి గౌనును ఒక దినమంతయు వ్రేలాడదీసి, సాగవలసినంత సాగనిచ్చి, ఆ పిమ్మటనే క్రిందియంచు సరిచేయవలెను. పట్టును రెండుమడతలుగ కాక ఒంటిపొరగ పరచి కత్తిరింతురు. లోపలిపొర జారినను కనబడదు గదా. గుండుసూదులు గుచ్చవలసివచ్చినచో కుట్టుగీతకు వెలుపల, కనబడకుండపోవు భాగముననే గుచ్చుదురు.

చేతిశుభ్రత విషయమున ఈ పనివారి నియమములు మడికట్టుకొన్నవారికి తీసిపోవు. 2011 ఏప్రిల్ 29వ తేదీన వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో కేథరిన్ మిడిల్టన్ ధరించిన గౌనుకు రూపకల్పన చేసినది నాడు అలెగ్జాండర్ మెక్వీన్ సంస్థలో నున్న సారా బర్టన్. లేసుపని చేసినవారు హాంప్టన్ కోర్టు ప్రాసాదమున నున్న రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ పనివారు. వారు అరగంటకొకమారు చేతులు కడుగుకొనుచు, మూడు గంటలకొకమారు సూదులు మార్చుచు ఆ పని చేసిరట. శిబిరమునకు పోవువారు ఇందలి సూదులమాట ముఖ్యముగ గ్రహింపవలెను. మొద్దుబారిన సూది పట్టుపోగును కోయును. కోసినది కంటికి వెంటనే కనబడదు.

గౌను లోపలి నిర్మాణమును ఇచ్చట విస్తరింపను. గ్రంథములలో బొమ్మలతో సహా దొరకును. రెండు సంగతులు మాత్రము. పైపట్టుక్రింద ప్రతిముక్కకును సిల్క్ ఆర్గంజా అను పలుచని బిరుసుగుడ్డను జతచేసి రెంటిని ఒకటిగ కుట్టుదురు. లోపలి చేతికుట్లన్నియు ఆ ఆర్గంజాకే పట్టును గనుక పైకి ఒక్కటియు తేలదు. భుజములు లేని గౌను జారకుండ నిలుచుటకు కారణము, చూచువారనుకొనునట్లు, పైభాగపు బిగుతు కాదు; లోపల నడుముచుట్టు ప్రత్యేకముగ కుట్టిన రిబ్బను పట్టీయొకటి యుండును. జిప్పు వేయుటకు ముందు దాని కొక్కెమును పెట్టుకొన్నచో గౌను బరువంతయు నడుముమీద నిలుచును. పైభాగములోని సన్నని ఉక్కుబద్దలు గుడ్డను నిలువుగ నిలుపుటకే. కొన్న గౌనును పదినిమిషములకొకమారు పైకి లాగుకొనుచు నవ్వుచు నిలుచున్న వధువులను చూచినప్పుడెల్ల ఆ పట్టీయే నాకు జ్ఞప్తికి వచ్చును.

ఇస్త్రీని గురించి ఒక్కమాట. రుద్దరాదు, ఒత్తి ఎత్తవలెను. ఒక కుట్టును మరియొక కుట్టు దాటకముందే మొదటిదానికి ఇస్త్రీ కావలెను, ఏలయనగా దాటిన తరువాత పెట్టె మొన దానికి అందదు.

ఇక నా మనస్సునకు మిక్కిలి నచ్చిన ఘట్టము లేసుకుట్టు. లేసును మామూలు గుడ్డవలె అంచునకు అంచు కలిపి మిషను వేసినచో పువ్వు నడిమికి తెగి, కుట్టు గాటువలె కనబడును. కుట్యూర్ పనిలో రెండు లేసుముక్కలను, కుట్టుగీతకు గీత సరిపోవునట్లు, ఒకదానిపై నొకటి పరతురు. పైముక్కలో గీతను దాటి పోవుచున్న పూవులను, ఆకులను, తీగలను వాని చుట్టంచు వెంబడియే చిన్నకత్తెరతో కోయుదురు. కోసిన అంచును క్రిందిముక్కమీద వాల్చి, లేసు రంగు దారముతో, ఆకు చుట్టును పువ్వు చుట్టును అతిచిన్న చుట్టుకుట్లు వేయుదురు. తరువాత లోపలినుండి మిగులు వలను కత్తిరింతురు. పని ముగిసిన తరువాత కుట్టు ఎచ్చటనున్నదో కుట్టినవారికే వ్రేలితో తడిమి చూచుకొనవలసి వచ్చును. జానెడు కుట్టునకు ఒక పూట పోవుట వింతకాదు. మా పిల్ల మొదటిరోజు కోరాగుడ్డవద్ద విసుగుకొన్నది గాని ఇచ్చట విసుగుకొనలేదు. కారణము అడుగగా, “ఎక్కడ కుట్టాలో ఇప్పుడు నాకు అనుమానం లేదు అత్తా, చెయ్యి దానంతట అది పోతోంది” అన్నది.

లేసు మాట వచ్చినది గనుక నరసాపురమును తలపకుండ పోజాలను. పందొమ్మిదవశతాబ్దిలో క్రైస్తవ మిషనరీల మూలమున గోదావరితీరమునకు వచ్చిన ఈ అల్లిక అచ్చటి స్త్రీలచేతులలో పెద్ద ఎగుమతి సరుకైనది. ఇంటిపని మధ్య రోజంతయు అల్లిన ఆ చేతులకు దక్కిన కూలి ఎంత స్వల్పమో మరియా మీస్ అను జర్మను విదుషీమణి 1982లో ప్రచురించిన గ్రంథములో విపులముగ వ్రాసినది. తానే కుట్టుకొని చూచిన యువతికి ఈ సంగతి పుస్తకము చదువకయే కొంత తెలియును. జానెడు లేసుకుట్టు వేసిన తరువాత ఏ మగ్గంపని రవికె వెలకైనను బేరమాడుటకు నోరు రాదు.

పేరు లేక పనిచేసిన చేతులలో అమెరికా దేశపు ఆన్ లో కథ ఈ అధ్యాయమునకు చాల దగ్గరిది. అలబామా రాష్ట్రమున 1898లో పుట్టిన ఈ నల్లజాతి వనితకు కుట్టుపని తల్లివద్దను, అమ్మమ్మవద్దను అబ్బినది. న్యూయార్కులో దర్జీపాఠశాలలో చేరినప్పుడు తెల్లవారి నడుమ కూర్చుండనీయక వేరుగదిలో ఒంటరిగ కూర్చుండబెట్టిరి. 1953 సెప్టెంబరు 12వ తేదీన సెనేటరు జాన్ కెనెడీని పెండ్లాడిన జాక్వెలిన్ బూవియే తొడిగిన దంతవర్ణపు టఫెటా గౌను ఆమె కుట్టినదే. దానికి ఇంచుమించు 50 గజముల పట్టు పట్టినది. పెండ్లి పది దినములున్నదనగా పనిగదిలో నీటిగొట్టము పగిలి, వధువు గౌనును, తోడిపెండ్లికూతుళ్ల గౌనులలో పెక్కింటిని పాడుచేసెను. ఆమె ఎవరికిని చెప్పలేదు. క్రొత్తపట్టు తెప్పించి, మనుష్యులను కూర్చుకొని, నష్టము తానే భరించి, గడువులోపల అన్నియు మరల కుట్టి, తానే న్యూపోర్టునకు తీసికొనిపోయి అప్పగించినది. నాటి పత్రికలు గౌనును వర్ణించినవి గాని ఆమె పేరు చాలవరకు చెప్పలేదు.

ఈ కథను ధైర్యమునకు ఉదాహరణముగ చెప్పుట వాడుక. నాకు దానిలో మరియొకటి కనబడుచున్నది. నెలలు పట్టిన పని దినములలో మరల ఎట్లు జరిగినది? నీరు తీసికొనిపోయినది గుడ్డను, కుట్లను. కొలతలు తేలియే యున్నవి. ఏ మడత ఎచ్చట పడవలెనో, ఏ ముక్క ఏ ముక్కతో కలియవలెనో ఆమె ఎప్పుడో నిర్ణయించుకొని యుండెను. నిర్ణయములకు పట్టిన కాలమును ఆమె రెండవమారు పెట్టనక్కర లేకపోయినది. ఇది నా ఊహయే; అయినను సూది చేతబట్టినవారు దీనిని కాదందురని తోచదు.

శిబిరములోని తోటివారిని గూర్చి హెచ్చుగ చెప్పవలసినది లేదు. ప్రక్కబల్లమీది పట్టు మనదానికన్న మెరియుట లోకసహజము. ఆమె చేయి మనదానికన్న చురుకగుటయు కద్దు. ఉపాధ్యాయురాలి కాలము అందరిది గనుక, పిలిచినప్పుడు ‘ఇది బాగున్నదా’ యని అడుగుట వ్యర్థము. ‘ఈ గీత ఇచ్చట ఎందుకు వంగినది’ యని అడిగినచో అయిదునిమిషములలో ఆరునెలల విద్య దొరకును. చెప్పినవన్నియు పుస్తకములో వ్రాసికొనుటకన్న, నేర్చిన ప్రతి కుట్టును అరచేతిపాటి గుడ్డముక్కమీద వేసి, దానికొక చీటీ గుచ్చి దాచుకొనుట మేలు. ఇంటికి పోయిన తరువాత చేయి మరచినదానిని ఆ ముక్కయే చెప్పును, వ్రాత చెప్పజాలదు.

ఇల్లు చేరిన పిమ్మట పుట్టు తెగులు ఒకటి కలదు. అంతవరకు ఓపికతో వచ్చిన యువతి, పట్టుమీద కుట్టుపడిన తరువాత, మెడ ఇంకొంచెము దిగవలసినదేమో, చేతులు పొడవేమో యని విప్పి కుట్టుట మొదలుపెట్టును. ఇంటికి వచ్చిపోవు చుట్టములు తలకొక సలహా చెప్పుదురు. మూడుమార్లు విప్పిన శాటిన్ అంచు దోమలు కుట్టిన చర్మమువలె నుండును. కోరాగుడ్డమీద అడుగవలసిన ప్రశ్నలు కోరాగుడ్డమీదనే అడుగవలెను. అప్పుడు తోచనిది ఇప్పుడు తోచినచో, గౌను తొడుగుటకే వీలుకానంతటి లోపమైననే తప్ప, దాని జోలికి పోరాదు. అంతటి లోపమైనచో ఒక్కమారు విప్పి, ఉపాధ్యాయురాలికో నేర్పరియైన దర్జీకో చూపి, వారు చెప్పినట్లు ఒక్కమారు కుట్టవలెను. చుట్టములకు గౌను చూపకుండుట అన్నిటికంటె సులభోపాయము.

చివరిపని క్రిందియంచు. దానిని పెండ్లిచెప్పులు వేసికొని, లోదుస్తులతో సహా తొడిగి, నేలనుండి కొలబద్దతో చుట్టును గుర్తుపెట్టించుకొని కుట్టవలెను. తనంత తాను గుర్తుపెట్టుకొనుట అసాధ్యము, వంగినతోడనే అంచు కదలును. గౌనుకు వెనుక నేలమీద జీరాడు ట్రైన్ ఉన్నచో, విందువేళ దానిని పైకెత్తి నిలుపుటకు వీపువైపున గుండీలును, లోపల దారపు ఉచ్చులును కుట్టుదురు. ఆ గుండీలు పెట్టు పని వధువుది కాదు గనుక, ఎవరు పెట్టుదురో, చెల్లెలో స్నేహితురాలో, వారిని ముందుగనే పిలిచి, ఏ గుండీ ఏ ఉచ్చులోనికి పోవలెనో వారిచేతనే రెండు మూడుమార్లు పెట్టించి చూడవలెను. ఉచ్చులకు మామూలు పట్టుదారము చాలదు. కాజాలకు వాడు లావుదారము వాడి, ప్రతిదాని ప్రక్కను మరియొక ఉచ్చు అదనముగ కుట్టియుంచుడు. విందులో ఎవరో ఒకరు ట్రైన్ తొక్కకమానరు. సాధారణముగ పెండ్లికుమారుడే తొక్కును.